మేక మాసంలో నవల

ముతారే,
3 అక్టోబరు 2011

చిహేరా అత్తకి,

నువ్వుంటే నేనూ ఉన్నాను. నేను పంపిన ఎర్ర డబ్బా మందు నీ మోకాలికి, మేకపిల్ల కంటికి కాదు. బస్సు కండక్టరు అన్నీ చెప్పాడులే.

అసలు సంగతికి వస్తాను. ఇక్కడ పట్టణ గ్రంథాలయం వాళ్ళు ఒక పందెం పెట్టారు. నవంబరు ఒకటో తేదీన మొదలుపెట్టి ముప్పయ్యో తేదీలోగా యాభై వేల మాటల నవల రాయాలి. ఎవరితోనూ పోటీ లేదు, ఎవరి పందెం వాళ్ళతోనే. పందొమ్మిది మంది పేర్లిచ్చారు. ఇద్దరు టీచర్లు, ఒక పోలీసాయన, శవపేటికలు చేసే ఆయన, నేను. నవ్వకు. పదకొండేళ్లుగా ఫోటోకాపీ మిషను ముందు నిలబడి ఊళ్ళో వాళ్ళ కాగితాలన్నీ చదువుతున్నాను. సర్టిఫికెట్లు, విడాకులు, అప్పీళ్ళు, అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఒక్కసారి నా కాగితం ఒకటి ఉండాలనిపించింది. పాడైన కాపీల వెనకవైపు తెల్లగానే ఉంటుంది కదా, ఓనరమ్మ అవి తీసుకోమంది. కాగితానికి లోటు లేదు. లోటంతా కథకే.

పందెం నడిపే మిసెస్ ముకోనో ఒక షరతు పెట్టింది. అక్టోబరు ముప్పై ఒకటి లోపల ఒక కార్డు మీద నీ కథ ఏమిటో రెండు వాక్యాల్లో రాసి బోర్డుకి గుచ్చాలి. మొదటి వాక్యంలో మొదలు, రెండో వాక్యంలో ముగింపు. ముగింపు తెలియకుండా బయలుదేరినవాళ్ళు పదో రోజుకి చతికిలబడతారట.

నా దగ్గర రెండు కథలున్నాయి. ఒకటి, తాత సైకిలు కొని, తొక్కడం రాక, నెత్తిన పెట్టుకుని నది దాటిన కథ. రెండోది నీ కథ. మొగుడి ఇంటి నుంచి తలుపు ఊడబీక్కుని నెత్తిన పెట్టుకుని వచ్చేశావు చూడు, అది. ఏది రాయమంటావు? నువ్వు చెప్పిందే రాస్తాను.

నీ మేనకోడలు,
మైదేయి


బుహేరా,
9 అక్టోబరు

మైదేయీ,

మీరంతా ఉంటే మేమూ ఉన్నట్టే. మేకపిల్ల కన్ను నయమైంది, ముందు అది తెలుసుకో. నా మోకాలికి ఆ మందు ఏం చేసేది? వాసన తప్ప.

ముప్పై రోజుల్లో యాభై వేల మాటలా? మనం చిహేరా గోత్రపు ఆడవాళ్ళం, ఒక్క పొద్దున మంచినీళ్ళ బోరు దగ్గర ఆ మాత్రం మాట్లాడతాం. రాయడమే కష్టం. అదీ నవంబరులో. మేక మాసమని మరిచిపోయావా? ఆ నెలలో మనవాళ్ళు పెళ్ళి మాట ఎత్తరు, పితరులను పిలవరు, గొంతు పైకెత్తి పాడరు. నేల నిద్రపోయే నెలలో నువ్వు నవల మొదలుపెడతానంటున్నావు. సరే, పట్నం నేల వేరేమో.

తాత సైకిలు కథ నీది కాదు. అది పెద్దింటి వాళ్ళది. సైకిలు తుక్కు ఇంకా వాళ్ళ చూరు కిందే ఉంది. రాశావంటే మా తాతని వెర్రివాణ్ణి చేశావని ముగ్గురు అన్నదమ్ములు కర్రలు పట్టుకుని నా ముంగిట్లోకి వస్తారు. నా తలుపు కథా వద్దు. ఆ తలుపు కొన్నది నా వేరుశనగ అమ్మిన సొమ్ముతో, కనుక తెచ్చుకున్నాను. అందులో కథేముంది? ఆ పెద్దమనిషి ఇంకా బతికే ఉన్నాడు. పుస్తకంలో తన పేరు పడిందని తెలిస్తే సంబరంతో పదేళ్ళు ఎక్కువ బతుకుతాడు. ఆ పుణ్యం నాకొద్దు.

కుందేలు, కోతి కథ రాయి. అందరికీ ఇష్టం, ఎవరికీ బాధ లేదు.

ఇవాళ ఎండ బాగుంటే మీ అన్న గరి కోటు బయట ఆరేశాను. నెలకోసారి ఎండ చూపించకపోతే పురుగు పడుతుంది. చేతులు కాస్త పొట్టివైపోయాయేమో అనిపించింది. కోటు ఎలా పొట్టిదవుతుంది, నా పిచ్చిగాని.

మార్వే అత్త


ముతారే,
14 అక్టోబరు

అత్తా,

కోటు గురించి రాసి, మళ్ళీ కుందేలు కథ రాయమంటావేం?

నీ ఉత్తరం చదివాక ఇంకేమీ తోచలేదు. నా కథ గరికాయ్ అన్నయ్యే. 2003లో సరిహద్దు దాటి దక్షిణాదికి, జోనీ గనుల్లో పనికి పోతానని సంచి సర్దుకున్నాడు. ఎండలో కోటెందుకని ఇంట్లోనే వదిలేశాడు. మరుసటి ఏడు ఒక్క ఉత్తరం వచ్చింది. ఆ తరవాత ఏడేళ్ళుగా ఏమీ లేదు. అమ్మ పోయినప్పుడు కూడా రాలేదు. కథ అంటే ఇంతకన్నా ఏం కావాలి?

మిసెస్ ముకోనోకి చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "బాగుందమ్మా, మరి చివరికి ఏమవుతాడు?" అంది.

"తెలీదండీ."

"రాసేదానివి నువ్వే తెలీదంటే ఎలా? పోయాడా, వస్తాడా? రెంట్లో ఒకటి రాయి. కార్డు మీద రెండో వాక్యం ఖాళీగా ఉంచితే నేను గుచ్చనివ్వను."

ఆవిడ తప్పేం లేదు. కానీ ఆ ఖాళీ వాక్యం ముందు మూడు రోజులుగా కూర్చున్నాను. శవపేటికల ఆయన పక్కన కూర్చుని టకటకా రాసేశాడు. ఆయన కథలో అందరూ బతికే ఉంటారట, ఆటవిడుపుగా ఉంటుందని.

ఎప్పుడూ అడగని మాట అడుగుతున్నాను. నీ మనసులో గరి ఏమయ్యాడు? ఉన్నాడా, లేడా? నువ్వు ఏదంటే అదే రెండో వాక్యం.

మైదేయి


బుహేరా,
19 అక్టోబరు

మైదేయీ,

ఎవరైనా మేనత్తని అడిగే ప్రశ్నేనా అది?

పెదవి దాటిన మాట ఊరు దాటుతుంది. లేడంటే నా నోటితో నేను చంపినట్టు. ఉన్నాడంటే, మరి తల్లిని మట్టిలో పెట్టేనాడు ఎందుకు రాలేదని ఆ సమాధి నన్నే అడుగుతుంది. అందుకే ఎనిమిదేళ్ళుగా ఏ మాటా అనకుండా కోటు ఆరేస్తున్నాను. నీకూ ఒక కోటు లాంటి పని ఏదో చూసుకో, కథ దేనికి?

నిన్న జైరోస్ వచ్చి నా వంటింటి కప్పు సరిచేశాడు. తాతల నాటి నుంచి మనింటి సాహ్విరా కదా, పని చేసినంతసేపూ తిడుతూనే ఉన్నాడు. "ముసలి చిహేరా, తలుపు మోసుకొచ్చిన దానివి, కప్పు కూడా మోసుకు రావాల్సింది" అన్నాడు. మనల్ని ముఖం మీద తిట్టి, మన చావుల్లో నిజం చెప్పి నవ్వించే హక్కు అతనిది. ఇంకెవరైనా ఆ మాటంటే గరిటె విరిగేది. నీ పందెం సంగతి చెప్పాను. గరి గురించి రాస్తుందట అనగానే నిచ్చెన మీద చెయ్యి ఆగిపోయింది. సద్జా ముద్ద పెట్టినా తినకుండా వెళ్ళిపోయాడు. ఆ ఇద్దరూ ఒకే దుప్పటిలో పెరిగారు, బాధ ఉండదా?

గుర్తుందా, జైరోస్ రెండేళ్ళు అటువైపు పనికి పోయి తిరిగొచ్చినప్పుడు, "నేను చూడలేదు గానీ, ఎవరో చూశారట, బాగా ఒళ్ళు చేశాడట" అన్నాడు. మీ అమ్మ ఆ ఒక్క మాట పట్టుకుని చనిపోయేదాకా "నా కొడుకు లావయ్యాడు" అని అందరికీ చెప్పుకుంది. అలాంటి మాటే ఒకటి రాసి సరిపెట్టుకో.

మార్వే అత్త


ముతారే,
24 అక్టోబరు, సోమవారం

అత్తా,

నువ్వుంటే నేనూ ఉన్నాను.

నిర్ణయించుకున్నాను. కార్డు రాసేశాను. గరికాయ్ అన్నయ్య లేడు. 2005లో గని లోపల పోయాడు, పై కప్పు విరిగి పడి. ఒంటరిగా లేడు, పక్కన ఇద్దరున్నారు.

రాశాక చాలా ఏడ్చాను. తరవాత ఎనిమిదేళ్ళ మూట దించినట్టు తేలిగ్గా అనిపించింది. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఎంతకాలమని దాచుకుంటాం? ఎప్పుడో ఒకప్పుడు ఒకరు ఈ వాక్యం రాయాలి.

నవంబరంతా నేను కదలను, అప్పుడు ఊరికి రమ్మనకు. ఏం చేసినా ఈలోపే.

మైదేయి


ముతారే,
27 అక్టోబరు, గురువారం

అత్తా,

ఈ ఉత్తరం ముందు చదువు. సోమవారంది చించెయ్.

నిన్న కార్డు గుచ్చడానికి వెళ్ళాను. గుండుసూది చేతిలో పట్టుకుని నిలబడ్డాను, గుచ్చలేకపోయాను. అన్నయ్య ఒంట్లోకి దించుతున్నట్టు అనిపించింది. గనీ లేదు, కప్పూ లేదు, పక్కన ఆ ఇద్దరూ లేరు, అంతా నా కల్పన. అన్నయ్య గనిలో చేరాడో లేదో కూడా నాకు తెలియదు. కార్డు చించి ఇంకోటి రాశాను, గుచ్చేశాను కూడా. "ఒకడు వెళ్ళిపోయాడు. ఒకడు తిరిగొచ్చాడు." అంతే. మిసెస్ ముకోనో ఒకడేనా ఇద్దరా అని అడిగింది. చూద్దాం అన్నాను.

సోమవారం రాసిందంతా కథ మాత్రమే అత్తా. నీకు తెలుసనుకో. అయినా తెల్లవారుజాము నుంచి మనసు కుదురుగా లేదు.

మైదేయి


బుహేరా,
31 అక్టోబరు

తల్లీ మైదేయీ,

ఇవాళ నీకు ధైర్యం చెప్పాల్సింది నేను. కానీ నువ్వే నాకు చెప్పావు.

నీ సోమవారం ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారికే తెలిసింది. అన్న బతికుండగా లేడని చేత్తో రాసే చెల్లెలు మన గోత్రంలో పుట్టలేదు. నీకు కబురు అందింది. ఎప్పుడు అందిందో, ఎవరు తెచ్చారో నేనడగను. మనలో చావు కబురు ఎవరూ తిన్నగా చెప్పరు. ఒంట్లో బాగాలేదట అంటారు, ఆవు తప్పిపోయిందట అంటారు, అలా మెల్లగా తోవ వేస్తారు. నువ్వు చదువుకున్నదానివి గనక నవల పందెమని తోవ వేశావు. నెల రోజుల నుంచి ఈ ముసలిదాన్ని ఒక్కో మెట్టూ దించుతున్నావు, నేనేమో కుందేలు కథ రాయమంటున్నాను. ఎంత గొప్పగా చెప్పావే.

నవంబరంతా కదలనన్నావు, ఏం చేసినా ఈలోపే అన్నావు. అర్థమైంది. మేక మాసం వచ్చాక ఏ తంతూ చెయ్యకూడదు, ఇంకో నెల గాలిలో వదిలేయడం దేనికి? గురువారం నిన్ను పిలిపిద్దామంటే బస్సు ఇరుసు విరిగి వంతెన దగ్గర పడి ఉంది. కొండెక్కి ఫోన్ చేస్తే మూడుసార్లూ ఎవరో ఆడమనిషి ఎత్తి అందుబాటులో లేవంది. ఎవరది?

నిన్న ఆదివారం మట్టిలో పెట్టేశాం. మనిషి లేనప్పుడు ఎలా చేస్తారో అలాగే, మేక తల తెల్ల గుడ్డలో చుట్టి మీ అమ్మ పక్కన. ఊరంతా వచ్చింది. పెద్దింటి వాళ్ళు కూడా కర్రలు లేకుండా వచ్చారు.

జైరోస్‌కి కబురు పంపితే, "ఎవరు చెప్పారు?" అని ఒక్క మాట అడిగాడట. మైదేయి రాసింది అన్నారట. చాలాసేపటికి వచ్చాడు. ఆచారం ప్రకారం చనిపోయినవాడి బట్టలు సాహ్విరాకే కదా, కోటు ఇచ్చేశాను. అది తొడుక్కుని గరిలా నడిచాడు, గరిలా తల గీరుకున్నాడు, గరిలా నన్ను "తలుపులత్తా" అని పిలిచాడు. జనం నవ్వలేక, ఏడవలేక కూర్చున్నారు. ఒక్కటే నాకు అర్థం కాలేదు. అతను ముంగిట్లో అటూ ఇటూ నడిచినంతసేపూ ఎడమ కాలు ఈడ్చాడు. మన గరి లేడిలా పరిగెత్తేవాడు కదా. కుంటివాణ్ణి చేసి నవ్వించాలనుకున్నాడేమో, ఎవరూ నవ్వలేదు.

అయిపోయింది. తేలిగ్గా ఉందని నువ్వన్నావు. నాకు ఇంకా తేలిగ్గా లేదు. కోటు ఉండే మేకు మీదికే కళ్ళు పోతున్నాయి. కానీ దిగుతుందిలే.

మార్వే అత్త


ముతారే,
4 నవంబరు

అత్తా,

ఎంత పని జరిగింది.

ఇరవై ఏడున రాసింది ఈపాటికి నీకు అంది ఉంటుంది. నాకు ఏ కబురూ అందలేదు. ఎవరూ రాలేదు. కథ రాస్తానన్నాను, కథే రాశాను. నేను బుర్రలో పుట్టించిన గని కప్పు కింద అన్నయ్యని మీరంతా కలిసి పాతిపెట్టారు. నీ మీద కోపం రావడం లేదు. నిజంగా చావు కబురు చెప్పాల్సి వస్తే నేనూ ఇలాగే తోవ వేసేదాన్ని. అదే నా నోరు నొక్కేస్తోంది.

కానీ అత్తా, ఆ కాలు.

జైరోస్ ఆ కాలు ఎక్కడ చూశాడు? సాహ్విరా అబద్ధం ఆడడు, చావు దగ్గర అసలే ఆడడు. ఉన్నదాన్నే ఎగతాళి చేస్తాడు, లేనిది అంటించడు. తాత తంతులో జైరోస్ వాళ్ళ నాన్న సైకిలు నెత్తిన పెట్టుకున్నట్టు నడిచాడని నువ్వే చెప్పావు. అన్నయ్య ఇక్కడ ఉన్నన్నాళ్ళూ కుంటలేదు. అంటే వెళ్ళాకే కాలు పాడైంది, జైరోస్ చూశాడు. చూడలేదని మనతో అన్నాడు, కానీ చూశాడు.

అత్తా, అన్నయ్య ఉన్నాడు. కాలు బాగాలేక, సిగ్గుపడి రాలేదు. వెళ్ళు, మోకాలు నొప్పి అనకు, ఇవాళే వెళ్ళి జైరోస్‌ని అడుగు.

మైదేయి


బుహేరా,
9 నవంబరు

మైదేయీ,

రెండు ఉత్తరాలూ ఒకే బస్సులో వచ్చాయి. ఒక రోజంతా ఎవరికీ ముఖం చూపించలేదు.

పెద్దింటి అన్నదమ్ముల దగ్గరికి వెళ్ళి చెప్పాను. పెద్దవాడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. బతికున్నవాణ్ణి పాతిపెడితే మళ్ళీ ఎలా తీయాలో అతనికీ తెలీదు, వాళ్ళ నాన్న కూడా చెప్పలేదట. "మేక తల తవ్వి తీస్తే?" అన్నాడు చిన్నవాడు. "మేక మాసంలోనా? నోరు ముయ్యి" అన్నాడు నడిపివాడు. చివరికి తేల్చింది ఏమిటంటే, నెల గడిచేదాకా ఎవరూ ఏమీ చెయ్యకూడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామన్నా, ఆకులు కూడా డిసెంబరులోనే దొరుకుతాయట.

జైరోస్ ఇంట్లో లేడు. తంతు అయిన మర్నాడే కోటు తొడుక్కుని ఎటో వెళ్ళాడట. పెళ్ళాం వైపు వాళ్ళ ఊరంటారు కొందరు, నది ఇసకలో బంగారం కడగడానికంటారు కొందరు. రోజూ సాయంత్రం వాళ్ళ ఇంటి దాకా నడుస్తున్నాను. మోకాలు మాట ఎత్తడం లేదు, చూశావా.

నువ్వు రాస్తూ ఉండు. ఇక్కడ నేను చేయగలిగింది ఏమీ లేదు, అక్కడ నువ్వైనా ఏదో ఒకటి చెయ్యి.

మార్వే అత్త


ముతారే,
15 నవంబరు

అత్తా,

నువ్వుంటే నేనూ ఉన్నాను, అన్నయ్యా ఉన్నాడు.

ఇరవై ఆరు వేల మాటలు అయ్యాయి. నేనే నమ్మలేకపోతున్నాను. ఎవరివో డ్రైవింగ్ లైసెన్సుల వెనకా, ఎవరివో పెళ్ళి సర్టిఫికెట్ల వెనకా అన్నయ్య నడుస్తూనే ఉన్నాడు. పోలీసాయన పదో రోజున మానేశాడు, హంతకుడు ఎవరో తనకే తెలియడం లేదట. నాకు మాత్రం తెలుసు, అదృష్టం.

నిన్న రాసిన చోటు చెబుతాను. అన్నయ్య మన బస్సే ఎక్కాడు. ఇరుసు విరగలేదు. వంతెన దాటేసరికి వాన పట్టుకుంది. స్టాపులో దిగాడు, ఎడమ కాలు ముందు పెట్టలేక కుడి కాలు పెట్టాడు. చేతిలో సంచి తప్ప ఏమీ లేదు. ఒళ్ళు చేయలేదు అత్తా, చిక్కిపోయాడు. అమ్మతో అలా అనమని తనే జైరోస్‌కి చెప్పి ఉంటాడు, అన్నయ్య సంగతి తెలుసుగా. కొట్టు అరుగు మీద కూర్చున్నవాళ్ళు గుర్తుపట్టలేదు. ఇంటి వైపు తిరిగాడు. అక్కడ ఆపాను. నువ్వు తలుపు తీసేది ఇవాళ రాస్తాను.

జైరోస్ వచ్చాడా?

మైదేయి


బుహేరా,
21 నవంబరు

మైదేయీ, తల్లీ,

మీరందరూ ఉంటే మేమూ ఉన్నట్టే. వాన బాగా పడింది, మొక్కజొన్న వేశాం. చుక్కల మేక రెండు పిల్లల్ని ఈనింది. ఒకటి అచ్చం తల్లిలాగే ఉంది.

నాకూ ఒక కథ తోచింది. నీ పందేనికి పనికొస్తుందేమో చూడు. కథే కాబట్టి నువ్వు నమ్మాలని లేదు.

ఒక మనిషి ఉండేవాడు. పేరెందుకు? గనిలో పనికని బయలుదేరాడు గానీ గని దాకా పోలేదు. నది దాటగానే నారింజ తోటల్లో పనికి కుదిరాడు. లారీ మీంచి పడి ఎడమ కాలు విరిగింది, వంకరగా అతుక్కుంది. కాయలు కోసే పని పోయి కాపలా పని మిగిలింది. రెండేళ్ళకి అతని నేస్తం ఒకడు వెతుక్కుంటూ వచ్చాడు. ఇద్దరూ ఒకే రేకుల గదిలో, ఒకే దుప్పటిలో ఉన్నారు, చిన్నప్పటిలాగే. కాలు విరిగినవాడికి దగ్గు పట్టుకుని ఎక్కువైంది. కుంటివాడినయ్యానని అమ్మకి చెప్పకు, ఒళ్ళు చేశానని చెప్పు అన్నాడు. చలికాలంలో ఒక పొద్దున లేవలేదు. నేస్తమూ, ఇంకో ఇద్దరూ కలిసి తోట కంచె పక్కన ఎర్రమట్టిలో పెట్టారు. తలవైపు అతని ఎనామిలు కప్పు బోర్లించారు.

నేస్తం తిరిగొచ్చాడు. శవం లేకుండా చావు కబురు తెచ్చినవాణ్ణి ముందు అడిగేది, నువ్వేం చేశావు అనే కదా. నోరు రాలేదు. తంతు జరిగితేనే అతనికి మాట్లాడే హక్కు. పిలవనిదే తంతుకి రాలేడు. నాలుగేళ్ళు ఆ ఇంటి కప్పు బాగుచేస్తూ, తిడుతూ, పిలుపు కోసం చూశాడు. పిలిచారు. నోటితో చెప్పలేక కాలితో చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు, ఒక్క చెల్లెలికి తప్ప. ఆ చెల్లెలికి కూడా సగమే అర్థమైంది.

మొన్న అతను తిరిగొచ్చి నా వంటింట్లో నేల మీద కూర్చుని ఈ కథ చెప్పాడు. అతన్ని నేనేమీ అనలేదు. సద్జా ముద్ద పెట్టాను, తిన్నాడు.

నీ గని తప్ప తక్కినదంతా నువ్వు ముందే రాశావు తల్లీ. పక్కన ఇద్దరున్నారని కూడా రాశావు. ఇద్దరు కాదు, ముగ్గురు.

అన్నం మానకు.

మార్వే అత్త


ముతారే,
26 నవంబరు

అత్తా,

నీ కథ బస్టాండులోనే నిలబడి చదివాను. మేక పిల్లల దగ్గరే నాకు తెలిసిపోయింది. మొదలే అంత నెమ్మదిగా రాశావు.

నలభై నాలుగు వేల మాటలు అయ్యాయి. నాలుగు రోజులున్నాయి. అన్నయ్య నాలుగు అధ్యాయాలుగా నీ ఇంట్లోనే ఉన్నాడు. నువ్వు తలుపు తీశావు, తిట్టావు, నీళ్ళు కాచావు. మేకలు కాస్తున్నాడు. జైరోస్‌తో పోట్లాడి మళ్ళీ కలిశాడు. ఇప్పుడు నేనేం చేయాలి? నిజం తెలిశాక ఇది అబద్ధం. చించేద్దామని కాగితాలు పట్టుకున్నాను. వెనక్కి తిప్పితే ఎవరిదో పుట్టుక సర్టిఫికెట్టు. చించలేకపోయాను.

కంచె పక్కకి అన్నయ్యని మళ్ళీ తీసుకెళ్ళే శక్తి నాకు లేదు. మొదట చంపింది నేనే, తరవాత బతికించింది నేనే. రెండూ నా చేతుల్లో ఉన్నాయనుకున్నాను. ఏదీ లేదు. మిసెస్ ముకోనోని అడిగితే, "కథ నీది, నువ్వే చూసుకో" అంది. కథ నాది కాదు అత్తా. నీది, నువ్వు చెప్పు. ఏది రాయను?

మైదేయి


బుహేరా,
28 నవంబరు

మైదేయీ,

మీరుంటే మేమున్నాం.

నీ పదిహేనో తేదీ ఉత్తరం ఇవాళ మళ్ళీ తీసి చదివాను. బస్సు దిగే చోటు జైరోస్‌కి కూడా చదివి వినిపించాను. కుడి కాలే ముందు పెడతాడు, సరిగ్గా రాసింది అన్నాడు. ఆ తరవాత గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

నిజం మాకు తెలుసు. తెలిసినవాళ్ళం ఈ కొద్దిమందిమే చాలు. డిసెంబరు రాగానే పెద్దింటి వాళ్ళు, జైరోస్, మోకాలు సహకరిస్తే నేనూ ఆ కంచె దగ్గరికి వెళ్ళి మట్టి తెస్తాం. అది మా పని, దానికి ఆచారం ఉంది. వాణ్ణి ఇంటికి తెచ్చే పనికి మా దగ్గర ఏ ఆచారమూ లేదు. అది నీ పని. మిగిలిన ఆరు వేలూ రాసెయ్. వాణ్ణి ఎటూ పంపకు.

ఒక్క దిద్దుబాటు చెయ్యి. వాన పడుతోందన్నావు, చేతిలో సంచి తప్ప ఏమీ లేదన్నావు. ఇంటి దగ్గర తొడగడానికి కోటు నేను ఇచ్చేశాను కదా, మేకు ఖాళీగా ఉంది. జైరోస్‌ని తిరిగి అడగడం పద్ధతి కాదు. స్టాపు నుంచి మన ఇంటికి చాలా దూరం, ఆ కాలుతో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. వాడు బస్సు దిగేటప్పుడే ఒంటి మీద ఒక కోటు ఉందని రాయి. చేతులు కాస్త పొడుగ్గా ఉండాలి.

మార్వే అత్త